చలిమంట దగ్గర పిల్లలందరికీ ఒకే పళ్లెం: పాలు, తేనె, జెలటిన్ లేని తీపి వంటకాలు

కూకట్‌పల్లి అమ్మ

మన వంటల చర్చావేదిక సభ్యులందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవుల్లో మా అపార్టుమెంటులోని కొన్ని కుటుంబాలు కలిసి వికారాబాద్ వైపున్న ఒక తోటలో రాత్రి బస చేయబోతున్నాయి. చీకటి పడ్డాక చలిమంట వేసి, పిల్లల చేత ఏవైనా తీపి పదార్థాలు కాల్పించి తినిపించే బాధ్యత నాకు అప్పగించారు. అయిదేళ్ల నుంచి పదకొండేళ్ల వరకు వయసున్న పిల్లలు ఇరవైమంది దాకా ఉంటారు. వారి వెంట ఇంకా చిన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా కొందరు వస్తారు. వీరిలో రెండు కుటుంబాలవారు వీగన్లు. మాంసం, గుడ్లే కాదు, పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా ముట్టరు. మరొక బాబుకు పాల అలర్జీ ఉంది.

ఆ పిల్లలకు విడిగా ఒక డబ్బా కట్టి ఇచ్చి, మిగిలినవారికి వేరే పెట్టడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. అందరూ ఒకే పళ్లెంలోంచి తీసుకోవాలి. పిల్లలేమో వీడియోల్లో చూసిన స్మోర్స్ కావాలని పట్టుబడుతున్నారు. పుల్లకు గుచ్చి కాల్చిన మార్ష్‌మాలోను, ఒక చాక్లెట్ ముక్కను రెండు బిస్కెట్ల మధ్య పెట్టి నొక్కి తింటారు కదా, అదే. ఈ మూడింటినీ వీగన్ పద్ధతిలో ఇంట్లో తయారు చేయగలమా? హైదరాబాదులో దొరికే సరుకులతో అది సాధ్యమేనా? పొట్లం మీద ఆకుపచ్చ చుక్క ఉంటే నిశ్చింతగా కొనవచ్చా? తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

తార్నాక వాసి

అమ్మా, చివరి ప్రశ్నకు ముందు సమాధానం చెబుతాను, ఎందుకంటే చాలామంది పొరబడేది అక్కడే. ఆకుపచ్చ చుక్క శాకాహారానికి గుర్తు, వీగన్ ఆహారానికి కాదు. మన ఆహార భద్రతా సంస్థ నిర్వచనం ప్రకారం పాలు, పాల ఉత్పత్తులు, తేనె, తేనెమైనం, లక్క ఇవన్నీ ఉన్న పదార్థానికి కూడా ఆకుపచ్చ చుక్క వేయవచ్చు. వీగన్ ఆహారానికి 2022లో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. ఆ ఆమోదం పొందిన పొట్లాల మీద ఇంగ్లీషు వి అక్షరం, దానికి చిన్న ఆకు ఉన్న ఆకుపచ్చ గుర్తు కనిపిస్తుంది. ఆ గుర్తు లేనంత మాత్రాన పదార్థం వీగన్ కాదని అనుకోనక్కరలేదు గాని, అప్పుడు మాత్రం వెనకవైపు చిన్న అక్షరాలను పూర్తిగా చదవక తప్పదు.

మార్ష్‌మాలో విషయానికి వస్తే, మామూలు రకాలలో జెలటిన్ ఉంటుంది. పశువుల, పందుల చర్మాల నుంచి, ఎముకల నుంచి తీసే కొల్లాజెన్‌తో దానిని తయారు చేస్తారు. అటువంటి పొట్లం మీద గోధుమ రంగు త్రిభుజం ఉంటుంది కాబట్టి గుర్తించడం తేలిక. జెలటిన్ లేని రకాలు కూడా నగరంలోని పెద్ద దుకాణాల్లోను, ఆన్‌లైన్‌లోను దొరుకుతున్నాయి. వాటిలోనూ పాల పొడి ఉందేమో చూసుకోండి. బిస్కెట్లలో మనం తేలికగా తీసుకునే గ్లూకోజ్, మారీ రకాలు చాలావాటిలో పాల ఘనపదార్థాలు కలుస్తాయి. డార్క్ చాక్లెట్ పేరుతో అమ్మేవాటిలోనూ కొన్నింటిలో పాల కొవ్వు ఉంటుంది. కోకో వెన్న అన్న మాట చూసి మాత్రం భయపడనక్కరలేదు, అది కోకో గింజల కొవ్వే. వంటకు వాడే చవక కాంపౌండ్ చాక్లెట్‌లో కోకో వెన్నకు బదులు వేరే నూనె కొవ్వు వేస్తారు, కానీ దానిలో పాల పొడి, పాల విరుగుడు పొడి తరచుగా ఉంటాయి.

మరొక ముఖ్యమైన సంగతి. వీగన్ కావడం వేరు, పాల అలర్జీకి సురక్షితం కావడం వేరు. పదార్థాల జాబితాలో పాలు లేకపోయినా, అదే యంత్రాల మీద పాల చాక్లెట్ తయారైనందువల్ల పాల అంశ ఉండవచ్చని కింద హెచ్చరిక ఉంటుంది. వీగన్ కుటుంబాలు దానిని అంగీకరించవచ్చు గాని, అలర్జీ ఉన్న బాబుకు అది పనికిరాదు. కాబట్టి మీ కొలబద్ద ఆ బాబే కావాలి. వీగన్ పదార్థాల్లో అతనికి పెట్టగలిగినది మిగిలిన అందరికీ పెట్టగలరు.

నల్లకుంట అమ్మమ్మ

అమ్మాయీ, నీ ఆలోచన నాకు చాలా నచ్చింది. అయితే ఒక మాట అడుగుతాను. మంట దగ్గర తినడానికి మన నేల మీద ఇన్ని పదార్థాలు ఉండగా, జెలటిన్ లేని మార్ష్‌మాలో కోసం దుకాణాలన్నీ గాలించడం ఎందుకు? చలికాలంలో నిప్పుల మీద కాల్చుకు తినేవన్నీ పుట్టుకతోనే పాలు, తేనె ఎరుగని పదార్థాలు. కందగడ్డ, మొక్కజొన్న కంకి, పచ్చి పల్లికాయలు, తేగలు, లేత జొన్న కంకులను కాల్చి నలిపి రాల్చే ఊచబియ్యం, ఇవన్నీ అటువంటివే. వీటికి మార్పు ఏమీ చేయనక్కరలేదు.

కందగడ్డ అని మేమంటాము, మీ ఇంట్లో చిలగడదుంప అనవచ్చు. దానిని మంటలో పడవేయకూడదు. మంట తగ్గి కణకణలాడే నిప్పులు మిగిలాక, పక్కకు లాగిన వేడి బూడిదలో తొక్కతోనే కప్పిపెట్టాలి. మధ్యరకం దుంపకు ముప్పావు గంట పడుతుంది. తొందరపడి పెద్ద మంటలో కాలిస్తే పైన మాడి లోపల పిండిగానే ఉంటుంది. నెమ్మదిగా మగ్గితే తొక్క దగ్గర పాకం ఊరి, అంటుకుని వస్తుంది. దాని మీద తురిమిన కొబ్బరి, కొద్దిగా బెల్లం పొడి చల్లి పిల్లల చేతికి చెంచా ఇస్తే అంతకు మించిన తీపి లేదు.

ఇంటి నుంచి పట్టుకువెళ్లడానికి మరమరాల ఉండలు, నువ్వుల ఉండలు, పల్లీపట్టి చేయవచ్చు. పళ్లానికి నెయ్యి రాసే అలవాటు ఉన్నవారు ఆ చోట కొబ్బరినూనె రాస్తే సరిపోతుంది. బెల్లం ముదురు పాకం రావాలి. చల్లని నీటిలో వేసిన చుక్క రాయిలా గట్టిపడి, పళ్లెం మీద వేస్తే టంగుమనాలి.

పాకం పరీక్ష

అమ్మమ్మగారు కందగడ్డ గురించి చెప్పిన మాట వెనుక ఉన్న కారణం ఇక్కడ చేర్చడం సముచితమనుకుంటాను. ఆ దుంపలో పిండి పదార్థాన్ని మాల్టోజ్ అనే చక్కెరగా మార్చే ఒక ఎంజైము ఉంటుంది. దుంప లోపలి వేడి సుమారు 60 నుంచి 75 డిగ్రీల మధ్య ఉన్నంతసేపే అది చురుకుగా పని చేస్తుంది. పెద్ద మంటలో దుంప ఆ దశను త్వరగా దాటిపోతుంది, వేడి బూడిదలో చాలాసేపు అక్కడే నిలుస్తుంది. తీపిలో తేడా అందువల్లే వస్తుంది.

ఇక మార్ష్‌మాలో. ఇంటర్నెట్‌లో కనిపించే వీగన్ తయారీలు చాలావరకు జెలటిన్ స్థానంలో ఆగర్ వేయమంటాయి. మన అంగళ్లలో చైనా గ్రాస్ పేరుతో అమ్మే ఈ పదార్థాన్ని సముద్రపు నాచు నుంచి తీస్తారు. బేగంబజారులో పీచుగాను, పొడిగాను దొరుకుతుంది. దానితో చేసిన మార్ష్‌మాలో చేత్తో తినడానికి బాగానే ఉంటుంది, మంటకు మాత్రం పనికిరాదు. జెలటిన్ సుమారు 35 డిగ్రీల దగ్గరే మెత్తబడి సాగుతుంది, అందుకే కాల్చినప్పుడు పైన ఎర్రని పొర, లోపల జిగురు ఏర్పడతాయి. ఆగర్ 85 డిగ్రీల దాకా కదలకుండా ఉండి, ఆ తర్వాత ఒక్కసారిగా నీరైపోతుంది. పుల్ల మీద ఉన్నదంతా నిప్పుల్లోకో, అధ్వాన్నంగా పిల్లవాడి కాలి మీదికో జారుతుంది. కొనే వీగన్ మార్ష్‌మాలోలలో కారజీనన్ వంటి వేరే నాచు పదార్థాలు, పిండి పదార్థాలు కలిపినవి మంటకు కొంత మేలుగా నిలుస్తాయి.

నా సలహా వేరు. పుల్లకు గుచ్చే తెల్లని ముద్దను వదిలిపెట్టి, కాబూలీ శనగలు ఉడికించిన నీటితో చేసే నురగను బిస్కెట్ మీద పరిచి కాల్చండి. ఈ నీరు గుడ్డు తెల్లసొన చేసే పని చేస్తుందని 2014లో ఒక ఫ్రెంచి గాయకుడు గుర్తించి ప్రకటించగా, మరుసటి సంవత్సరం ఒక అమెరికన్ ఇంజనీరు దానికి ఆక్వాఫాబా అని పేరు పెట్టాడు. శనగలు నానబెట్టిన నీరు పారబోయాలి, కావలసినది ఉప్పు వేయకుండా ఉడికించిన నీరు మాత్రమే. కుక్కర్ దించాక శనగలను ఆ నీటిలోనే చల్లారనిచ్చి, వడగట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. పొద్దున చెంచాతో ఎత్తితే తెల్లసొనలా జారాలి. పలుచగా ఉంటే చిన్న మంట మీద మరిగించి ఇంకించండి.

ఆ చిక్కని నీరు 120 మిల్లీలీటర్లు తీసుకుని, పావు చెంచా టార్టార్ క్రీము గాని, అరచెంచా నిమ్మరసం గాని వేసి, ఎలక్ట్రిక్ బీటర్‌తో గిన్నె తిరగవేసినా జారనంత గట్టి నురగ వచ్చేవరకు చిలకాలి. దీనికి పది నిమిషాలు పట్టవచ్చు, గిన్నెకు జిడ్డు ఏమాత్రం ఉన్నా నురగ రాదు. వేరొక గిన్నెలో 200 గ్రాముల చక్కెర, 60 మిల్లీలీటర్ల నీరు కలిపి ఉండ పాకం పట్టండి. థర్మామీటర్ ఉన్నవారికి 116 డిగ్రీలు. బీటర్ తిరుగుతూ ఉండగానే ఈ వేడి పాకాన్ని సన్నని ధారగా నురగలో పోస్తే అది మెరిసే తెల్లని క్రీములా చిక్కబడుతుంది. శనగ వాసన పోవడానికి వెనిల్లా గాని యాలకుల పొడి గాని తప్పక వేయండి.

కాల్చడానికి మన నగరం పద్ధతి ఒకటి ఉంది, దమ్ పెట్టడం. అడుగు మందమైన వెడల్పాటి గిన్నెలో బిస్కెట్లు పరిచి, ఒక్కొక్కదాని మీద చాక్లెట్ ముక్క, ఆ పైన నురగ పెట్టి, బరువైన ఇనుప మూతను వేసి, మూత మీద మాత్రమే ఎర్రని నిప్పులు పోయండి. కింద నిప్పు వద్దు. రెండు మూడు నిమిషాలకొకసారి పెద్దవారు మూత ఎత్తి చూస్తే, నురగ పైభాగం ఎర్రబడి, చాక్లెట్ మెత్తబడి ఉంటుంది. మూత మీద బూడిద లోపల రాలకుండా మూతను నిట్టనిలువుగా ఎత్తాలి.

మియాపూర్ నాన్న

మా ఇంట్లో ఇద్దరు పిల్లలూ పుట్టినప్పటి నుంచి వీగన్లే కాబట్టి, ఇటువంటి విందుల్లో అవతలి వైపు నిలబడిన అనుభవం మాకుంది. అమ్మమ్మగారి మాటను పూర్తిగా గౌరవిస్తూనే ఒక విన్నపం చేస్తాను. కందగడ్డ అద్భుతమైనదే, కానీ స్మోర్స్ తింటామని వారం రోజులుగా కలలు కంటున్న ఎనిమిదేళ్ల పాపకు అది జవాబు కాదు. ఆ పాపకు కావలసినది తెల్లని ముద్ద రుచి ఒక్కటే కాదు. చేతిలో తన సొంత పుల్ల ఉండాలి, తానే తిప్పాలి, ఎర్రబడిందా లేదా అన్నది తానే తేల్చుకోవాలి. దమ్ పద్ధతిలో రుచి వస్తుంది గాని ఈ భాగం పోతుంది. పెద్దవారు గిన్నె దించి ఇస్తే అది మళ్లీ వంటింటి తిండే అవుతుంది.

అందువల్ల పుల్ల మీద కాల్చడానికి మేము పిండి చుడతాము. స్కౌట్ పిల్లలు శిబిరాల్లో ఎన్నో దేశాల్లో చేసే పని ఇది. రెండు కప్పుల గోధుమపిండి, రెండు చెంచాల బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, మూడు పెద్ద చెంచాల బెల్లం పొడి, రెండు పెద్ద చెంచాల నూనె కలిపి, ముప్పావు కప్పు నీటిని కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ ముద్దకంటే కొంచెం గట్టిగా కలపాలి. బేకింగ్ పౌడర్ కలిపిన పిండి ఎక్కువసేపు నిలవదు కాబట్టి, పొడి పదార్థాలను ఇంట్లోనే కలిపి డబ్బాలో తీసుకువెళ్లి, నీరు అక్కడే కలపండి. నిమ్మకాయంత ముద్దను చేతుల మధ్య తాడులా సాగదీసి, బొటనవేలంత మందమున్న కర్ర కొసకు మెలికలుగా చుట్టి, నిప్పులకు జానెడు ఎత్తున తిప్పుతూ పది నిమిషాలు కాల్చాలి. కర్ర నుంచి తేలికగా ఊడి వస్తే లోపల కూడా ఉడికినట్టే. ఊడి వచ్చిన గొట్టంలో కరిగించిన చాక్లెట్ గాని, ఖర్జూరం గుజ్జు గాని, పల్లీల ముద్ద గాని నింపుకుంటారు. తెల్లని నురగను కూడా అందులోనే నింపవచ్చు. ఇక్కడ ఏ పిల్లవాడికీ ఏదీ తక్కువ కాదు.

నల్లకుంట అమ్మమ్మ

నాయనా, మీరు చెప్పినదానిలో న్యాయం ఉంది. పిల్లకు పుల్ల చేతిలో ఉండాలన్నది నేను ఆలోచించని కోణం. అయినా నా పట్టు నేను పూర్తిగా విడవను. పిండి చుట్టిన కర్ర పక్కనే మొక్కజొన్న కంకిని కూడా అదే కర్రకు గుచ్చి ఇవ్వండి. కంకిని తిప్పడానికీ అంతే నేర్పు కావాలి, కాలుతున్నప్పుడు గింజలు చిటపటలాడే శబ్దం పిల్లలను కట్టిపడేస్తుంది. ఉప్పు, నిమ్మచెక్క రాస్తే తీపి తిన్న నోటికి మార్పు కూడా.

పిల్లల డాక్టర్

చర్చ ఎంతో ఉపయోగంగా సాగుతోంది. వైద్యురాలిగా కొన్ని జాగ్రత్తలు చెప్పవలసి ఉంది.

మొదటిది, గొంతుకు అడ్డం పడే ప్రమాదం. వెంట వచ్చే చిన్న పిల్లలకు, అంటే అయిదేళ్లలోపు వారికి, విడి పల్లీలు, పాప్‌కార్న్, మార్ష్‌మాలో ముక్కలు, గట్టి పల్లీపట్టి పెట్టవద్దు. జిగురుగా ఉండే మార్ష్‌మాలో గొంతులో పడితే తీయడం చాలా కష్టం, వీగన్ రకమైనా ఆ గుణం మారదు. ఆ వయసువారికి మెత్తని కందగడ్డ గుజ్జు, కాల్చిన అరటిపండు చక్కగా సరిపోతాయి. తినేటప్పుడు పిల్లలు కూర్చుని ఉండాలి, మంట చుట్టూ పరుగెత్తుతూ తినకూడదు.

రెండవది, పాకం వల్ల కలిగే కాలిన గాయాలు. కాగే నీరు చర్మం మీద పడితే జారిపోతుంది, పాకం అంటుకుని ఉండి లోతుగా కాలుస్తుంది. కాబట్టి పాకం పట్టే పని ఇంట్లోనే ముగించండి. మంట దగ్గర ఎవరికైనా కాలితే వెంటనే పారే చల్లని నీటి కింద ఇరవై నిమిషాలు ఉంచాలి. టూత్‌పేస్ట్, పసుపు, ఐసు ముక్కలు పెట్టకూడదు. బొబ్బను చిదమకూడదు. ముఖం, చేతులు, కీళ్ల దగ్గర కాలినా, గాయం పిల్లవాడి అరచేయి కంటే పెద్దదైనా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఆ రాత్రికి పిల్లలకు నైలాన్, పాలియెస్టర్ దుస్తులు, వేలాడే చున్నీలు వేయవద్దు. చలికి వేసే స్వెట్టర్ కూడా నూలుదో ఉన్నిదో అయితే మంచిది.

మూడవది, అలర్జీ. పాల అలర్జీ ఉన్న బాబు తల్లిదండ్రులు అత్యవసర మందు ఇచ్చారా, దానిని ఎవరు ఉపయోగించగలరు అన్నది బయలుదేరేముందే తెలుసుకోండి. పాలకు బదులుగా మనం పల్లీలు, జీడిపప్పు, బాదం, సోయా ఎక్కువగా వాడతాము. అవి కూడా కొందరికి అలర్జీ కలిగించేవే. పిల్లలందరి తల్లిదండ్రులనూ ఒక్కసారి అడిగి, పల్లీలు పడనివారు ఒక్కరున్నా వాటి స్థానంలో పొద్దుతిరుగుడు గింజలో గుమ్మడి గింజలో వాడండి.

అడవిబాట

మంట గురించి, కర్రల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. వికారాబాద్ దగ్గరి అనంతగిరి చుట్టుపక్కల చాలా భాగం రిజర్వు అటవీ ప్రాంతం, అక్కడ నిప్పు వెలిగించడం నేరం. జనవరి నాటికి గడ్డి ఎండిపోయి ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. తోట యజమాని అనుమతితో, చెట్ల కొమ్మలు పైన లేని చోట, చుట్టూ గడ్డి చెక్కేసి, రెండు బకెట్ల నీరు, ఒక బకెట్ ఇసుక పక్కన పెట్టుకుని మాత్రమే మంట వేయండి.

కర్రల విషయంలో నేను అందరి కంటే గట్టిగా చెప్పదలచుకున్నది గన్నేరు గురించి. హైదరాబాదు రోడ్ల డివైడర్ల మీద, ఫామ్‌హౌస్‌ల ప్రహరీల వెంట అందంగా కనిపించే గన్నేరు కొమ్మలు నిటారుగా, నునుపుగా ఉండి, పుల్లలకు అచ్చంగా తగినట్టు కనిపిస్తాయి. గన్నేరులో ప్రతి భాగమూ విషమే, గుండె లయను దెబ్బతీస్తుంది. పచ్చగన్నేరు కూడా అంతే. ఆ కొమ్మను ఆహారానికి గుచ్చకూడదు, మంటలోనూ వేయకూడదు, దాని పొగ కూడా హానికరం. పిల్లలను పుల్లలు ఏరుకు రమ్మని పంపకుండా, వెదురు కర్రలు ఇంటి నుంచే తీసుకువెళ్లి, వాడేముందు అరగంట నీటిలో నానబెట్టండి. అలాగే జీడిగింజలను పెంకుతో నిప్పుల్లో వేయవద్దు. ఆ పెంకులోని నూనె చిమ్మి చర్మాన్ని కాలుస్తుంది.

కట్టెలుగా నల్లతుమ్మ, మామిడి వంటివి మంచి నిప్పులనిస్తాయి. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, పాత తలుపు ముక్కలు భోగి మంటలో వేసే అలవాటు కొందరికి ఉంది. తిండి కాల్చే మంటలో అవి ససేమిరా కూడదు. పిల్లలు రావడానికి గంటన్నర ముందే మంట వెలిగించండి. మనకు కావలసినది మంట కాదు, నిప్పులు. నిప్పులను రెండు భాగాలుగా లాగి, ఒక వైపు దుంపలు కప్పడానికి, మరొక వైపు పిల్లలు కర్రలు తిప్పడానికి కేటాయిస్తే తోపులాట ఉండదు.

నేను చేర్చదలచిన వంటకం కాల్చిన అరటిపండు. చక్కరకేళి గాని, మామూలు పచ్చ అరటి గాని బాగా పండినది తీసుకుని, తొక్క తీయకుండా లోపలి వంపు వెంట పొడవుగా చీల్చి, చీలికలో డార్క్ చాక్లెట్ ముక్కలు, కొబ్బరి తురుము కూరి, మోదుగాకులోనో అరటాకులోనో చుట్టి, నిప్పుల పక్కన పది నిమిషాలు ఉంచాలి. తొక్క నల్లబడగానే తీసి చెంచాతో తింటారు. చీలికలో ఏం పెట్టాలో పిల్లలే ఎంచుకుంటారు కాబట్టి మియాపూర్ నాన్నగారు చెప్పిన స్వేచ్ఛ ఇక్కడా ఉంటుంది.

కూకట్‌పల్లి అమ్మ

ఇంత వివరంగా రాసిన మీ అందరికీ కృతజ్ఞతలు. గన్నేరు సంగతి చదివి ఉలిక్కిపడ్డాను, మేము వెళ్లే తోట ప్రహరీ పొడవునా అవే ఉన్నాయి. పిల్లల తల్లిదండ్రులను అడిగాను, పల్లీలు పడని పాప ఒకరున్నారు, కాబట్టి పల్లీలు పూర్తిగా మానేస్తున్నాను. ఇంకా రెండు సందేహాలున్నాయి. పాలు లేని బిస్కెట్లు ఇంట్లో చేయాలంటే ఎలా? మా పిల్లలకు ఉస్మానియా బిస్కెట్ల రుచి ఇష్టం. రాత్రి చలికి వేడిగా తాగడానికి ఏమివ్వాలి?

తార్నాక వాసి

ఉస్మానియా బిస్కెట్‌లో వెన్న, పాల పొడి రెండూ ఉంటాయి, దాని ప్రత్యేకత ఆ తీపి ఉప్పుల కలయికలో ఉంది. ఆ కలయికను కొబ్బరినూనెతో రాబట్టవచ్చు. వాసన లేని రిఫైండ్ కొబ్బరినూనె 100 గ్రాములను పేరుకున్న స్థితిలో తీసుకుని, 80 గ్రాముల చక్కెర పొడితో తెల్లబడేదాకా గిలకొట్టండి. దానికి 200 గ్రాముల మైదా, పెద్ద చెంచాడు కస్టర్డ్ పౌడర్, అరచెంచా బేకింగ్ పౌడర్, అరచెంచా ఉప్పు, యాలకుల పొడి చేర్చి, రెండు మూడు చెంచాల కొబ్బరిపాలతో ముద్ద చేయండి. కుంకుమపువ్వు ఉంటే ఆ కొబ్బరిపాలలో నానబెట్టండి. అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, అరసెంటీమీటరు మందాన ఒత్తి, 170 డిగ్రీల ఓవెన్‌లో పదిహేను నిమిషాలు, అంచులు బంగారు రంగు తిరిగేవరకు కాల్చాలి. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి జనవరి రాత్రి ఆ తోటలో ఈ బిస్కెట్లు గట్టిగా, పెళుసుగా ఉంటాయి. నురగ పెట్టడానికి అదే కావాలి. కస్టర్డ్ పౌడర్ పొట్లం మీద కూడా పాల ప్రస్తావన చూడటం మరవకండి.

అమెరికన్లు ఈ వంటకానికి వాడేది గ్రాహం క్రాకర్. గర్ల్ స్కౌట్స్ 1927లో ఈ తయారీని అచ్చు వేసినప్పటి నుంచి అదే రివాజు. ఆ బిస్కెట్ పేరు సిల్వెస్టర్ గ్రాహం అనే మతబోధకుడి నుంచి వచ్చింది. పొట్టు తీయని గోధుమ పిండిని, శాకాహారాన్ని ప్రచారం చేసినవాడు ఆయన. అయినా ఈనాడు అమ్మే గ్రాహం క్రాకర్లు కొన్నింటిలో తేనె ఉంటుంది, దిగుమతి పొట్లం కొనేముందు అది గమనించండి.

తాగడానికి రెండు చెబుతాను. లీటరు పలుచని కొబ్బరిపాలను వేడి చేసి, మరగక ముందే ఆరు పెద్ద చెంచాల కోకో పొడిని కొద్ది నీటిలో కలిపి పోసి, దించాక బెల్లం పొడి కలపండి. బెల్లం వేసి మరిగిస్తే కొబ్బరిపాలు విరిగినట్టవుతాయి. చిన్న పిల్లలకు రాత్రిపూట కోకో ఇవ్వడం ఇష్టం లేకపోతే, దోరగా వేయించిన రాగిపిండితో జావ కాచి, దించాక కొబ్బరిపాలు, బెల్లం, శొంఠి కలిపి ఇవ్వండి. నా దృష్టిలో రెండవదే ఆ చలికి తగినది.

పాకం పరీక్ష

ఒక చిన్న చేర్పు. వీగన్ కుటుంబాలు కొన్ని చక్కెర విషయంలో కూడా అడుగుతాయి, కొన్ని దేశాల్లో చక్కెరను ఎముకల బొగ్గుతో వడగడతారు కాబట్టి. మన మిల్లుల్లో ఎక్కువ భాగం సున్నం, గంధకపు వాయువుతో శుద్ధి చేస్తాయి. అయినా ఆ కుటుంబాలకు సందేహం ఉంటే బిస్కెట్లకు, జావకు బెల్లం వాడండి. నురగకు మాత్రం చక్కెరే కావాలి, బెల్లంలోని మలినాలు నురగను కుంగదీస్తాయి.

కూకట్‌పల్లి అమ్మ

మీ సలహాలన్నిటినీ ఒకచోట చేర్చి ఇలా అనుకుంటున్నాను. చీకటి పడకముందే కందగడ్డలు బూడిదలో కప్పుతాము. అవి మగ్గేలోగా పిల్లలు కర్రలకు పిండి చుట్టుకుని కాల్చుకుంటారు, నూలు స్వెట్టర్లు వేసుకుని, ఒక్కొక్క పెద్దవారి ఎదుట నలుగురు చొప్పున. కాలిన పిండి గొట్టాల్లో నురగ, చాక్లెట్ నింపుతాము. దమ్ బిస్కెట్లు తర్వాత. కంకులు అడిగినవారికి. పడుకునేముందు రాగి జావ. పాలు గాని నెయ్యి గాని ఆ రాత్రి మా సామానులోనే ఉండవు, పెద్దల టీకి కూడా తేవద్దని చెప్పాను, అందుకు ఇద్దరు కొంచెం నొచ్చుకున్నారు గాని ఒప్పుకున్నారు. వీగన్ పిల్లల తల్లులిద్దరికీ పదార్థాల జాబితా పంపితే, చాక్లెట్ పొట్లం ఫోటో కూడా అడిగి చూసి సరేనన్నారు.

మిగిలిన సందేహం నురగ గురించే. పొద్దున చేసి తీసుకువెళ్తే రాత్రికి నీరు విడుస్తుందా?

పాకం పరీక్ష

పాకం పోసి చేసిన నురగ మూత బిగించి చల్లగా ఉంచితే సాయంత్రం వరకు బాగానే నిలుస్తుంది, కానీ ప్రయాణంలో కుదుపులకు అడుగున కొంత నీరు చేరవచ్చు. మళ్లీ రెండు నిమిషాలు చిలికితే సర్దుకుంటుంది, కాబట్టి బీటర్ వెంట తీసుకువెళ్లండి. తోటలో కరెంటు నమ్మకం లేకపోతే చేత్తో చిలికే తీగల కవ్వం చాలు. ఇరవైమంది పిల్లలకు నేను రాసిన కొలతకు రెట్టింపు చేయండి, అంటే 240 మిల్లీలీటర్ల శనగ నీరు. దానికి అరకిలో కాబూలీ శనగలు ఉడికించవలసి వస్తుంది. మిగిలిన శనగలతో ఆ రోజు దారిలో తినడానికి గుగ్గిళ్లు పోపు పెట్టుకోండి, నూనెతో.

అడవిబాట

చాక్లెట్‌ను మంటకు దగ్గరగా ఉన్న బల్ల మీద పెట్టకండి, అది 34 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. ముక్కలు చేసి ఒక స్టీలు డబ్బాలో పెట్టి, అవసరమైనప్పుడే బయటకు తీయండి. నానబెట్టిన వెదురు కర్రలు పిల్లల సంఖ్య కంటే పది ఎక్కువ తీసుకువెళ్లండి, కొసలు మాడిపోతాయి.